జాగ చూపినోళ్ల పోగు

మొన్న పొద్దున చాయ్ తాగుతుంటే ఫోన్ టింగుమంది. మాతో పదో తరగతి చదివిన ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపు అది. పొద్దున దేవుడి బొమ్మలు, మధ్యాహ్నం మోకాళ్ల నొప్పులకు చిట్కాలు, సాయంత్రం మనవళ్ల ఫొటోలు తప్ప అందులో మరొకటి రాదు. ఆ రోజు మాత్రం పక్షుల ఫొటో వచ్చింది. మానేరు డ్యాం వెనక నిలిచిన నీళ్లలో తెల్లని పొడుగు పక్షులు, గులాబీ రంగు కాళ్లతో వరుసగా నిలబడి ఉన్నాయి. ఫొటో కింద కోరుట్లలో ఉంటున్న నా చిన్ననాటి దోస్తు గొంతు.

"ఏ పిల్లలూ, గీ పక్షులు యాదికున్నయా? ఏడో తరగతిల ఉన్నప్పుడు గుట్టెనక చెరువుకాడికి నేను తీస్కపోయి చూపిచ్చిన గదా! గవ్వే ఇవి. సముద్రం పక్షులు. మళ్లచ్చినయి. ఆదివారం అందరం పోదాం, కారు నేను మాట్లాడుత."

నేను తీస్కపోయి చూపిచ్చిన. ఆ ముక్క మూడుసార్లు పెట్టుకుని విన్నాను. ఈలోగా గ్రూపంతా చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు. ఒకామె అయితే "నువ్వు చిన్నప్పటినుంచే హుషారు గదనే" అని మెచ్చుకుంది. నా చాయ్ చల్లారి మీగడ కట్టింది. ఇన్నేళ్లయినా ఇంత కోపం నాలో ఎక్కడ దాక్కుని ఉందో నాకే ఆశ్చర్యమేసింది.

మా బాపు తాళ్లెక్కేవాడు. కథలాపూర్, కోనరావుపేట నడుమ గుట్టల పక్కన మా ఊరు. ఊరి పడమర తాటివనం, దాని కింద కల్లు మండువ. పొద్దున్నే చెట్టెక్కే తోలు మోకు భుజాన వేసుకుని, కత్తుల పొది నడుముకు కట్టుకుని బయలుదేరేవాడు. ఆయన ఇంట్లో అడుగుపెడితే ముందు వాసన వచ్చేది. పులిసిన కల్లు, తాటి మట్ట పొట్టు, చెమటకు నానిన తోలు, మూడూ కలిసిన వాసన. మా అవ్వ ముక్కు మూసుకునేది. నేను మాత్రం ఆ మోకు మీద తల పెట్టుకుని నిద్రపోయేదాన్ని.

చెట్టెక్కే ముందు బాపు ఒక పొడుగు కేక పెట్టేవాడు. దడుల చాటున స్నానాలు చేసే ఆడవాళ్లకు అది కబురు, ఇంకాసేపట్లో పైనుంచి అన్నీ కనపడతాయి, జాగ్రత్త అని. తాటిచెట్టు మీద ఉన్న మనిషికి ఊళ్లో దాపరికమంటూ ఉండదు. ఎవరి బర్రె ఎవరి మక్కచేనులో పడింది, ఎవరు ఎవరి గట్టు జరిపారు, అన్నీ తెలుస్తాయి. మండువలో కూర్చున్నవాళ్లు ఏదో ఒకటి లాగాలని చూసేవాళ్లు.

"ఏం కనవడ్డదే పైకెల్లి?"

"తాటికాయలు కనవడ్డయి" అనేవాడు బాపు, కల్లు లొట్టి దించుతూ.

నాకు మాత్రం విడిగా చెప్పాడు. "మనుషుల సంగతి చెట్టు మీదనే ఇడిశిపెట్టి దిగాలె బిడ్డా. గది కిందికి తెచ్చిన్నాడు మనల ఒక్కలు గూడ చెట్టెక్కనియ్యరు."

కాకపోతే నా కోసం ఆయన ఒక సందు ఉంచుకున్నాడు. మనుషులు కానివి దించొచ్చు. మబ్బులు దించొచ్చు, పిట్టలు దించొచ్చు. సెలవు రోజుల్లో చెట్టు మొదట్లో కాచుకుని, ఆయన మోకు విప్పకముందే "ఏం కనవడ్డది బాపూ?" అని అడిగేదాన్ని. వేములవాడ దిక్కు వాన పడుతున్నదని, కోరుట్ల బస్సు వాగులో ఆగిపోయిందని, గిజిగాడు కొత్త గూడు మొదలుపెట్టిందని, ఏదో ఒకటి చెప్పేవాడు. ఒక్క రోజు కూడా ఉత్త చేతులతో దిగలేదు. "అయింది, తండ్రీబిడ్డల రేడియో మొదలైంది" అని అవ్వ దెప్పేది.

ఒక చలికాలం పొద్దున బాపు దిగాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"గుట్టెనక పాత చెరువుల కొత్త కొంగలు దిగినయి బిడ్డా. కొంగలంటె కొంగలు గావు. మనిషంత ఎత్తున్నట్టు కనవడ్తున్నయి. కాళ్లు మోదుగుపువ్వు తీరు. నా పుట్టువడిల జూడలె. నీకొక్కదానికే చెప్తున్న. కింద ఎవలకు తెల్వద్దు, తెలిస్తె బతకనియ్యరు."

మా బడిలో ఒక సార్ ఉండేవాడు, సముద్రం దిక్కు నుంచి బదిలీ మీద వచ్చినాయన. చేపలు దొరకవని, చింతకాయ పచ్చడి వేరుగా ఉందని ఎప్పుడూ బెంగపడుతుండేవాడు. ఊరికే అడిగినట్టు అడిగాను, ఎర్ర కాళ్లు, మనిషంత ఎత్తు ఉండే పెద్ద పక్షి ఏది సార్ అని. ఆయన ముఖం వెలిగింది.

"అవి మా వైపు సముద్రం ఒడ్డున ఉప్పునీటి మడుగుల్లో దిగుతాయమ్మా. ఇక్కడికెందుకొస్తాయి? ఒకవేళ ఎప్పుడైనా వస్తే నాకూ చూపించు" అన్నాడు. చూపిస్తానన్నాను. సముద్రమంటే పటంలో నీలంరంగు తప్ప తెలియని మా ఊరికి సముద్రం పక్షులు వచ్చాయి, ఆ సంగతి బాపుకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆ గర్వంతో అన్నం కూడా సరిగ్గా తినలేకపోయాను.

గర్వం కడుపులో నిలవదు. నాది అయిదు రోజులు నిలిచింది.

నా దోస్తు వాళ్లది వ్యవసాయం ఇల్లు. వాళ్లన్న దుబాయిలో పనిచేసేవాడు, ఆ చలికాలమే సెలవు మీద వచ్చాడు. టేప్ రికార్డరు, ఇంటి నిండా సెంటు వాసన, ఎవరూ కప్పుకోని మెత్తటి కంబళ్లు, వీటన్నిటితో పాటు ఒక దుర్భిణి తెచ్చాడు. మా దోస్తు దాన్ని మెడలో వేసుకుని బడికి వచ్చి, ఒక్కొక్కరిని పదంకెలు లెక్కపెట్టేదాకా చూడనిచ్చేది. నా వంతు వచ్చినప్పుడు ఏడు దగ్గరే లాక్కుంది.

"మీ బాపు తాడెక్కితెగని కనవడది. మాకైతె ఇంట్ల కూసుంటె కనవడ్తది" అంది.

అంతే, నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మా బాపుకు కనవడ్డది మీ దుర్భిణికి జన్మల కనవడది పో" అన్నాను. ఏం కనవడ్డదే అని అది వెంటపడింది. నాలుగు అడుగులు వేసేలోపు చెప్పేశాను. ఇందులో ఎవరినీ అనడానికి లేదు. నోరు నాది.

చెప్పాక భయం పట్టుకుంది. దాన్నీ, ఎప్పుడూ మా వెంట ఉండే ఇంకో పిల్లనూ తాటివనానికి తీసుకుపోయాను. ఆ పిల్ల వాళ్లది సిరిసిల్ల నుంచి వచ్చిన నేత కుటుంబం, వాళ్లమ్మ బీడీలు చేసేది, ఆ పిల్ల వేళ్లు ఎప్పుడూ తంబాకు వాసన వచ్చేవి. బాపు పాత గీత కత్తి ఒకటి తెచ్చి, ఇద్దరితో దాని మీద చెయ్యి పెట్టించి, కాటమయ్య మీద ఒట్టు వేయించాను. తాళ్లెక్కే మా ఇళ్లలో ఆ దేవుడి ఒట్టుకు మించిన ఒట్టు లేదు. కాటమయ్య మీద ఒట్టేసి తప్పితే మోకు తెగుతుందని మేం పుట్టినప్పటి నుంచి విన్నాం. బీడీల పిల్ల వణుకుతూ వేసింది. నా దోస్తు చాలా సులువుగా వేసింది. అంత సులువుగా ఎట్లా వేసిందో నేను ఆలోచించాల్సింది.

ఆదివారం పోదామనుకున్నాం. బీడీల పిల్ల ఆ రోజు వంతు బీడీలు శనివారమే చుట్టి పెట్టింది. ఇళ్లల్లో గుట్టకు రేగుపండ్లకు పోతున్నామని చెప్పాం. అవ్వ బియ్యప్పిండిలో పల్లీలు వేసి సర్వప్ప చేసి గుడ్డలో కట్టిచ్చింది. దోస్తు దుబాయి బిస్కెట్లు, మెడలో దుర్భిణి తెచ్చింది.

"మీ అన్న ఏమనలేదా?" అని అడిగాను.

"నిద్రల ఉంటె తెచ్చిన" అంది. ఎండ కారంగా పొడుస్తున్న పూట అది. అప్పటిదాకా ఎవరు పడుకుంటారని కూడా నాకు తట్టలేదు.

తాటివనం పక్క నుంచే దారి. బాపు చెట్టు మీద ఉన్నాడు. ఆయనకు కనపడకూడదని ముగ్గురం చెరువు కాలువ గట్టు చాటున నడుం వంచి, ఒకరి వెనక ఒకరం పిల్లుల్లా నడిచాం. పైనున్నవాడికి వంగితే ఏంటి, నిలబడితే ఏంటి! ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ పైనుంచి మూడు వంగిన వీపులు ఎట్లా కనపడి ఉంటాయో.

గుట్ట ఎక్కి దిగేసరికి కాళ్లకు పల్లేరుకాయలు గుచ్చుకుని ఒకటే మంట. రేగుపండ్లు నిజంగానే కోశాం, అబద్ధానికి సాక్ష్యం కావాలి కదా. చెరువు కట్ట వెనక వావిలి పొదల్లో బోర్లా పడుకుని తలలు ఎత్తాం.

అవి ఉన్నాయి. పదకొండు. అంత పలుచటి నీళ్లలో అంత పొడుగు కాళ్లు ఎందుకా అనిపించింది. మెడలు కిందికి వంచి, తలలు తలకిందులు చేసి నీళ్లను జల్లెడ పట్టినట్టు అటూ ఇటూ ఊపుతున్నాయి. ఒకటి ఒంటికాలి మీద నిలబడి, మెడను చుట్ట చుట్టి వీపు మీద పెట్టుకుని నిద్రపోతున్నది. ఆ రోజు దోస్తు అంకెలు లెక్కపెట్టలేదు. దుర్భిణి నా చేతికి ఇచ్చి, "నీ ఇష్టమున్నంతసేపు చూడు" అంది. దానంత మంచిది లోకంలో లేదనిపించింది. నిజంగా అనిపించింది.

"గింత దూరం ఎట్ల అచ్చినయో" అంది బీడీల పిల్ల. "మల్ల తొవ్వ ఎట్ల యాదుంటదో."

సర్వప్ప తుంచుకుని తిన్నాం. పల్లీలు పంటికింద కరకరమంటుంటే ఆ చప్పుడుకు పక్షులు లేచిపోతాయేమోనని నోట్లోనే నానబెట్టుకున్నాం. నా చిన్నతనంలో అంత సంతోషంగా ఉన్న గంట ఇంకొకటి గుర్తులేదు. గంట కూడా కాదేమో.

గుట్ట దిక్కు నుంచి మోటర్ సైకిల్ చప్పుడు వచ్చింది. నేనూ బీడీల పిల్లా ఒక్కసారే ఉలిక్కిపడి వెనక్కి తిరిగాం. నా దోస్తు తిరగలేదు. అది నన్నే చూస్తున్నది. ఆ చూపుతోనే నాకు అర్థమైపోయింది.

"మా అన్ననే" అంది మెల్లగా. "జాగ చెప్తెనే దుర్భిణి ఇస్తనన్నడు. ఊకె చూసి పోతమన్నరు."

ఊరికే చూసిపోయేవాళ్లు తుపాకి తేరు. వాళ్లన్న, ఇంకో ఇద్దరు, కట్ట మీదికి వంగి వంగి వచ్చారు. నేను లేచి అరిచాను. పక్షులను లేపాలని చేతులు ఊపి గొంతు చిరిగేలా అరిచాను. అరుపూ తుపాకి చప్పుడూ ఒక్కసారే అయ్యాయి.

రెక్కలు విప్పేదాకా వాటి రంగు పూర్తిగా తెలియదు. లోపలంతా ఎరుపు, చివర్లకు నలుపు. ఆ ఎరుపు ఆకాశానికి లేచి, చెరువు మీద ఒక్క చుట్టు తిరిగి తూర్పుకు పోయింది. తొమ్మిది పోయాయి. రెండు నీళ్లలోనే ఉన్నాయి, ఒకటి ఇంకా రెక్క కొడుతున్నది. వాళ్లలో ఒకతను పాంటు మడిచి నీళ్లలోకి దిగాడు.

నేను దోస్తు జబ్బ పట్టుకుని గుంజాను. "కాటమయ్య మీద ఒట్టేసినవ్ గదనే!"

అది ఏడుస్తూనే ఉంది, కానీ జవాబు మాత్రం సిద్ధంగా ఉంది. "కాటమయ్య మీ దేవుడు. మేం తాళ్లెక్కం. మాకెట్ల అంటుతది?"

దాని దేవుడి మీద ఒట్టు పెట్టించుకోవాలని నాకు తోచలేదు. మా దేవుడు అందరికీ దేవుడే అనుకున్నాను.

ఆ మాట విని వాళ్లన్న నా దిక్కు చూసి నవ్వాడు. "ఏడ్వకు పిల్లా. జాగ చూపినోళ్ల పోగు నీకు రావాలె, పంపుత తియ్యి" అన్నాడు. వేటకు పోయినవాళ్లు మాంసాన్ని పోగులు వేసినప్పుడు, జంతువు ఎక్కడుందో చూపినవాళ్లకు ఒక పోగు విడిగా తీయడం మా దిక్కు రివాజు. చూపినవాడు వేటకు రాకపోయినా సరే, అతని ఇంటికి పంపాల్సిందే.

బీడీల పిల్లా నేనూ వేరే దారిన వచ్చాం. మధ్యలో ఆ పిల్ల నా సర్వప్ప గుడ్డలో ఉన్న రేగుపండ్లు తీసి పారబోసింది. ఎందుకో నాకూ అదే సరైన పనిగా తోచింది.

దీపాలు పెట్టే వేళకు మా వాకిట్లోకి దోస్తే వచ్చింది. చేతిలో గిన్నె, మీద మోదుగాకు. కళ్లు ఉబ్బి ఉన్నాయి, కానీ ఇంట్లోవాళ్లు పంపితే రాకుండా ఎట్లా ఉంటుంది? బాపు వాకిట్లో కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు.

"మామా, మా అన్న పంపిండు" అంది. "జాగ చూపినోళ్ల పోగు."

కత్తి నూరే చప్పుడు ఆగింది. బాపు లేచి రెండు చేతులతో గిన్నె తీసుకున్నాడు. "మంచిది బిడ్డా, అన్నకు చెప్పు" అన్నాడు. అది పోయింది.

అవ్వ మొదలుపెట్టింది. ఏ జాగ, ఎవరు చూపారు, రేగుపండ్లేవి, వీపు చింతపండు చేస్తానని చీపురు తీసింది. బాపు అడ్డం వచ్చాడు.

"ఎందుకు తిడుతవే దాన్ని. పోగచ్చిందంటె, జాగ చూపినోళ్లు మనింట్ల ఉన్నట్టేగా."

అంత మెల్లగా అన్నాడు. ఆ రోజు పొద్దున చెట్టు మీద నుంచి అన్నీ చూసే ఉన్నాడు. వంగి నడిచిన మమ్మల్ని చూశాడు, మా వెనకే గుట్టెక్కిన మోటర్ సైకిల్‌ను చూశాడు, చెరువు మీద లేచిన ఎరుపును చూశాడు. ఒక్క ముక్క అడగలేదు. మనుషుల సంగతి చెట్టు మీదనే విడిచిపెట్టి దిగాడు. నేను కూడా ఆ రోజుతో మనుషుల్లో కలిసిపోయాను.

పెరట్లో గుంత తీసి ఆ మాంసం పూడ్చాడు. గిన్నె కడిగాడు. వచ్చిన గిన్నెను ఉత్తగా పంపకూడదు కాబట్టి, తాటి టెంకల పాతరలోంచి తవ్వి ఉడకబెట్టిన గేగులు నాలుగు అందులో పెట్టి పంపించాడు.

తెల్లారి బడికి పోతే సార్ అడిగాడు, "ఏమ్మా, మా పక్షులు కనపడ్డాయా?" అని. లేదు సార్ అన్నాను. బడి విడిచాక తాటివనానికి పరుగెత్తాను. బాపు సాయంత్రం చెట్టు దిగుతున్నాడు. మోకు విప్పకముందే అడిగాను, ఎప్పటిలాగే.

"ఏం కనవడ్డది బాపూ?"

"ఏం లేదు బిడ్డా."

గొంతులో కోపం లేదు. బిడ్డా అనే పిలుపు కూడా మారలేదు. లొట్టిలోంచి తాటాకు రేకలో నాకింత తియ్యటి కల్లు పోశాడు, తలమీద చెయ్యి వేశాడు. కొట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత నా పెళ్లయి తంగళ్ళపల్లికి వచ్చేదాకా అడుగుతూనే ఉన్నాను. వానాకాలంలో అడిగాను, ఎండాకాలంలో అడిగాను. ఏం లేదు బిడ్డా అనే దిగాడు. పుట్టింటికి పోయినప్పుడూ అడిగాను. చివరికి ఆయన మోకు దండేనికి తగిలించేసిన రోజు కూడా అడిగాను.

దోస్తుతో పది రోజులకే మళ్లీ మాటలు కలిశాయి. పిల్లలం కదా. అదే బెంచీ మీద పదో తరగతి దాకా కూర్చున్నాం, దాని దుబాయి చాక్లెట్లు నేనూ తిన్నాను, అబద్ధమెందుకు. నా పెళ్లిలో నన్ను పట్టుకుని మా అవ్వకంటే ఎక్కువ ఏడ్చింది. ఆ సంగతి మన్నించాననే అనుకున్నాను. చిన్నది, అన్నకు భయపడింది, దుర్భిణికి ఆశపడింది. అంతేగా.

కానీ ఇప్పుడు? ఇప్పుడు ఏ అన్న భయం ఉంది? నేను చూపిచ్చిన అంటున్నది. ఆ మాటలో మా బాపు లేడు. తాడిచెట్టు లేదు, తుపాకి లేదు, ఆ గిన్నె లేదు. నాకు మిగిలిన ఆ ఒక్క గంట కూడా తన పేరు మీద రాసుకుంది. మొదటిసారి నా రహస్యం పోయింది, రెండోసారి మా బాపు పోయాడు. దీన్ని నేను మన్నించను. ఈ వయసులో మన్నించి ఎవరిని మెప్పించాలి?

గ్రూపులో ఏమీ రాయలేదు. సాయంత్రం భివండీ నుంచి బీడీల పిల్ల విడిగా ఒక మెసేజ్ పెట్టింది. "ఎవలు చూపిచ్చిండ్రో నాకెరుకే." ఆ ఒక్క వరుస చూసి ఏడ్చాను.

నిజానికి ఆ పక్షులను నేను ఫొటో రాకముందే, అందరికంటే ముందే చూశాను. మిరపకాయలు ఎండబోయడానికి మిద్దె ఎక్కినప్పుడు, దూరంగా డ్యాం నీళ్ల అంచున పలుచగా ఒక తెల్ల గీత. ఒకటి రెక్క విప్పితే ఎరుపు మెరిసింది. కాళ్లు నొప్పి పెడుతున్నా ఎండ వాలేదాకా అక్కడే నిలబడ్డాను. దిగి వచ్చి ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి లేడు.

ఆ రోజు నేను దిగేసరికి బడి నుంచి వచ్చిన మనవరాలు, కూతురి బిడ్డ, మెట్ల కింద నిలబడి ఉంది. సంచి కూడా దించలేదు.

"అమ్మమ్మా, మీద ఏం కనవడ్డది?"

"ఏం లేదు బిడ్డా" అన్నాను. నా నోటి నుంచి అంత సులువుగా వచ్చింది ఆ మాట.

అది నా ముఖంలోకి చూసింది. "ఏం లేకపోతె మరి గంతసేపు ఏం జూసినవ్?"

అన్నేళ్లు అడిగాను మా బాపును. ఈ మాట ఒక్కనాడూ అడగలేదు.